పూర్తిగా శుభ్రం

ఫిబ్రవరి 26, సోమవారం

మ్లాదెన్‌ను వదిలేశారు. వదిలేశారంటే, కాగితం మీద సంతకం పెట్టించుకుని ఇంటికి పంపించారు. విదిన్ జిల్లా దాటి కాలు బయట పెట్టకూడదట. అమ్మ ఫోన్లో ఏడ్చింది, తర్వాత వాడికి చిక్కుళ్ళ పులుసు పెట్టానని చెప్పింది, మళ్ళీ ఏడ్చింది. నేను ఇక్కడ సోఫియాలో రిసీవర్ రెండు చేతులతో పట్టుకుని ఊఁ కొట్టాను. నలభై రెండేళ్ళొచ్చాయి. తమ్ముడికి కష్టమొస్తే ఊఁ కొట్టడం తప్ప ఏమీ చేతకాదు నాకు.

జరిగింది ఒకసారి రాసి పెట్టుకుంటాను. బుర్రలో తిరుగుతుంటే నిద్ర పట్టడం లేదు. ఈ నెల పదకొండున, ఆదివారం, మ్లాదెన్ నడిపే బస్సు లోమ్ రోడ్డు మలుపులో కాలవలోకి దిగిపోయింది. ఎదురుగా ఒక లారీ ముందున్న కారును దాటబోయి, గీత దాటి వీడి మీదికే వచ్చింది. వీడు పక్కకు తిప్పాడు. లారీ ఆగలేదు. బస్సులో ఉన్న ఒక రిటైరైన టీచరమ్మ చనిపోయింది. మిగతా ఏడుగురు ప్రయాణికుల్లో ఒక్కరూ అప్పుడు రోడ్డు వైపు చూడలేదట. లారీయే లేదు, డ్రైవరు కునుకు తీశాడు అంటున్నారు పోలీసులు.

ఆ మలుపులో పెట్రోలు బంకు ఉంది. బంకుకు కెమెరా ఉంది.

మార్చి 2, శుక్రవారం

దొరికింది!

బంకులో పనిచేసే ఇల్కో, మ్లాదెన్‌తో ఒకే బెంచీలో చదువుకున్నవాడు. యజమానికి తెలియకుండా ఆ రోజు రికార్డింగును డిస్కులోకి ఎక్కించి తెచ్చిచ్చాడట. ఇంకో రెండు రోజులైతే గోవిందా. ఆ కెమెరా మూడు వారాలకోసారి పాతదాని మీదే కొత్తది రాసుకుపోతుంది. చేతికందిన డిస్కు వాడాడు, మళ్ళీ మళ్ళీ రాసుకునే రకం. దాని మీద పెన్నుతో ఎవరిదో పెళ్ళి అని రాసి కొట్టేసి ఉందట. మొత్తం పద్నాలుగు నిమిషాలు. తొమ్మిదో నిమిషంలో లారీ.

లాయరు రూసినోవ్ దాన్ని పోలీసులకు ఇవ్వొద్దన్నాడట. ఆ రోడ్డున తిరిగే లారీలన్నీ ఒక్క కంపెనీవేనట, దాని యజమానికి స్టేషన్లో అందరూ చుట్టాలేనట, బీరువాలో పెడితే బీరువాతో సహా మాయమవుతుందట. ఏప్రిల్ 24న కోర్టులో నేరుగా జడ్జి చేతికిద్దాం, అప్పటిదాకా కాపీలు తీయొద్దు, కాపీ బయటికి పొక్కితే కల్పించారంటారు అన్నాడట. అమ్మ డిస్కును ఉతికిన రుమాల్లో చుట్టి, సెయింట్ నికోలా పటం వెనక పెట్టింది. నా దగ్గర ఒక కాపీ ఉంచుకుంటానమ్మా అన్నాను. లాయరు కంటే నీకెక్కువ తెలుసా, అది నా గడప దాటదు అని కసిరింది.

మార్చి 5, సోమవారం

కొత్త పనొచ్చింది. కంప్యూటరులో డీవీడీలు చూసే ప్రోగ్రాం ఒకటి, దాని మీటల మీది మాటలన్నీ బల్గేరియన్‌లోకి మార్చాలి. వెయ్యిన్నూట నలభై మాటలు ఒక పట్టికలో పోసి పంపారు. ఏది ఎక్కడ కనిపిస్తుందో చెప్పరు. యాంగిల్ అట. లెక్కల్లో కోణమా, కెమెరా కోణమా? చాప్టర్, సరే, అధ్యాయం. ఫ్రీజ్, స్కిప్, లేయర్. ఒంటరి మాటలు, వెనకా ముందూ ఎవరూ లేనివి. నాలాంటివే.

ఒకటి మాత్రం పూర్తి వాక్యం. రీజియన్ గురించి. "మీరు దీన్ని ఇంకా ఒక్కసారి మాత్రమే మార్చగలరు. ఆ తర్వాత ఎప్పటికీ మారదు." ఒక దేశం డిస్కు ఇంకో దేశంలో ఆడకుండా కట్టడి చేశారట. డ్రైవుకు ఐదే అవకాశాలు, ఐదూ అయిపోతే తలుపు మూసేసినట్టే. మిషన్లో కనిపించే మాటే, అయినా చదివాక కూర్చోలేకపోయాను. టీ పెట్టుకుని వచ్చి మళ్ళీ కూర్చున్నాను.

మార్చి 6, మంగళవారం

పని ఇచ్చే కమేలియా ఫోన్ చేసింది. పదిహేనేళ్ళు చిన్నది నాకంటే, నాకు పాఠం చెబుతుంది. ఇది వాడేది ఇంజనీర్లు కాదు, అమ్మలూ అమ్మమ్మలూనట. వాళ్ళను భయపెట్టే మాటలు వద్దు, ఇంట్లో మాట్లాడుకునే మెత్తటి మాటలు పెట్టు అంది. బ్లాంక్ డిస్క్ అని ఒక మీట ఉంది, అది నామవాచకమా క్రియా అని అడిగాను. క్రియే, అది నొక్కితే డిస్కు మళ్ళీ కొత్తదానిలా అవుతుంది అంది. క్విక్, ఫుల్ అని రెండు రకాలున్నాయట.

నేను జన్మలో ఒక్క డిస్కులోకీ ఏదీ ఎక్కించలేదు. కమేలియాకు ఆ సంగతి చెప్పలేదు. చెబితే పని పోతుందని భయం.

రాశాను: డిస్కును శుభ్రం చేయి. పైపైన శుభ్రం. పూర్తిగా శుభ్రం. దాని కింద హెచ్చరిక: లోపలున్నదంతా శుభ్రమవుతుంది, కొనసాగించాలా? రివైండ్‌కు "వెనక్కి" అని పెట్టాను. పొద్దున్నుంచీ చేసినవాటిలో ఇవే బాగున్నాయనిపించింది. కమేలియాకు కూడా తెగ నచ్చేశాయి.

మార్చి 9, శుక్రవారం. విదిన్

నిన్న మహిళా దినం కదా, పూలు తీసుకుని అమ్మ దగ్గరికి వచ్చాను. మ్లాదెన్ సగమైపోయాడు. గడ్డం కూడా గీసుకోవడం లేదు. వచ్చావా అక్కా, ఈ లైను బస్సులు ఇప్పుడు ఎవడు నడుపుతున్నాడు, కుదుపులు ఎక్కువగా ఉన్నాయా అని అడిగాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వాడి కంప్యూటరులో నా ప్రోగ్రాం పెట్టాను. ఇంకా బయటికి రానిది, కమేలియా సరిచూసుకోవడానికి ఇచ్చినది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో మీటనూ పైకి చదివింది. ముందుకి. వెనక్కి. ఆగు. నీ మాటలేనా ఇవన్నీ అంది. అవునమ్మా అంటే, వెంటనే కింది అంతస్తులో ఉండే గింకా పిన్నిని పిలుచుకొచ్చింది. మా అమ్మాయి మాటలు మిషన్లో పెట్టారు, చూడు అని చూపించింది. చదువుకునేటప్పుడు కూడా నా గురించి ఇంత గొప్పగా చెప్పుకోలేదు.

గింకా పిన్ని వెళ్ళాక తలుపు గడియ పెట్టి డిస్కు చూశాం. పొగమంచులో రోడ్డు. బూడిద రంగు బొమ్మ, చప్పుడు లేదు. తొమ్మిదో నిమిషం, పద్దెనిమిదో సెకను. తెల్ల లారీ, దాని మీద ముదురు రంగు టార్పాలిన్. గీత దాటింది. మ్లాదెన్ బస్సు ముక్కు ఒక మూల కనిపించి మాయమైంది. అంతే. మూడు సెకన్లు.

మ్లాదెన్ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాడు. అమ్మ వెనక్కి నొక్కింది. మళ్ళీ చూసింది. నంబరు ప్లేటు కనిపించేలా ఉంది కదే, ఇంకాస్త తేటగా ఉంటే చదవొచ్చు అంది.

మార్చి 15, గురువారం

అమ్మ రోజుకు నాలుగుసార్లు చూస్తోందట. డిస్కు అరిగిపోతుందమ్మా అన్నాను. బట్టలుతికితే అరుగుతాయి గానీ చూస్తే ఏమరుగుతుంది అంది.

మార్చి 22, గురువారం

అమ్మ వాళ్ళ బిల్డింగు ముందు మూడు రోజులుగా బూడిద రంగు కారు ఆగి ఉంటోందట. లోపల ఒక మనిషి. పేపరు చదవడు, సిగరెట్టు కాల్చడు, ఊరికే కూర్చుంటాడు. అమ్మ ఇది మామూలుగానే చెప్పింది, అంగట్లో ఉల్లిపాయలు బాగాలేవు అన్నట్టు.

డిస్కు సంగతి ఆ లారీల కంపెనీ వాళ్ళకు తెలిసిపోయింది. ఇల్కో తాగి వాగి ఉంటాడు. అంతే, ఇంకేముంటుంది?

మార్చి 27, మంగళవారం

పట్టిక పూర్తి చేసి పంపించాను. కమేలియా మెచ్చుకుంది. మాటలన్నీ మా అమ్మమ్మ మాటల్లా ఉన్నాయి అంది. తర్వాత హెల్ప్ ఫైలు పంపిస్తానంది. నా మనసు దాని మీద లేదు. కారు ఇంకా అక్కడే ఉందట.

మార్చి 31, శనివారం

ఇప్పుడు ఫోన్లు. అమ్మ ఎత్తితే అవతల ఎవరూ మాట్లాడటం లేదు. గరగరమని చప్పుడు, తర్వాత కట్. నిన్న మూడుసార్లు. ఈస్టర్ పండక్కి ముందు టెలిఫోన్ వాళ్ళు తీగలు బాగు చేస్తుంటారులే అంటుంది అమ్మ. ఇంత అమాయకురాలు పిల్లల్ని ఎలా పెంచిందో!

మ్లాదెన్ పోయిన వారం నుంచి చుప్రెనెలో మా పెద్దమ్మ ఇంట్లో ఉంటున్నాడు. నేనే పంపించాను. కొండల్లో ఊరు, మొబైలు పనిచేయదు. జిల్లా లోపలే కాబట్టి సంతకానికి ఇబ్బంది లేదు. వీధిలో వాణ్ణి ఏమైనా చేస్తారేమోనని నా భయం. అమ్మను కూడా వెళ్ళమన్నాను. పండగ పెట్టుకుని ఇల్లు వదిలి ఎక్కడికి రానే అంది. డిస్కును కూడా వదలదు.

ఏప్రిల్ 3, మంగళవారం

ఇవాళ మా తలుపు దగ్గర కూడా ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. చీపురు కర్ర పట్టుకుని పావుగంట నిలబడ్డాను. కరెంటు మీటరు చదివేవాడు.

ఏప్రిల్ 5, గురువారం

అమ్మ ఇవాళ గుడ్లకు రంగులేసింది. మొదటి ఎర్రగుడ్డు పటం ముందు పెట్టిందట, డిస్కుకు కాపలాగా. నాకు నవ్వు రాలేదు. పొద్దున మళ్ళీ ఆ మూగ ఫోన్ వచ్చిందట.

చాలాసేపు మాట్లాడింది. నాకు సగం కూడా చెవికెక్కలేదు. కారు ఉందా లేదా అనే అడుగుతున్నాను నేను. బొమ్మ ఆగిపోతోందట, సరిగ్గా లారీ దగ్గర, నంబరు మీద చిన్న చిన్న గళ్ళు పడుతున్నాయట. దూదితో తుడిచిందట, వెనిగర్ కూడా రాసిందట. ఇంకేదో శుభ్రం చేయాలంది. ఇవాళ గుడ్లు, రేపు గుడ్ ఫ్రైడే, ఏ పనీ ముట్టుకోకూడదు, కాబట్టి శనివారం చేస్తాను, పూర్తిగా చేయనా పైపైన చేయనా అంది. పండగ ముందు ఇల్లు దులపడం గురించే అనుకున్నాను. పూర్తిగానే చెయ్యమ్మా, నీకలవాటే కదా అన్నాను.

తర్వాత గట్టిగా చెప్పాను. ఎవరికీ తలుపు తీయొద్దు. ఫోను ప్లగ్గు పీకేసెయ్. నేను శనివారం సాయంత్రం బస్సుకు వస్తాను, అప్పటిదాకా నువ్వు ఇంట్లో లేనట్టే. సరేలే పిచ్చిదానా అని పెట్టేసింది.

ఏప్రిల్ 6, శుక్రవారం. ఉదయం 11:20

హెల్ప్ ఫైలు వచ్చింది. నలభై పేజీలు. పద్దెనిమిదో పేజీ.

ఫుల్ బ్లాంక్: డిస్కు మీద రాసి ఉన్నదంతా శాశ్వతంగా చెరిగిపోతుంది. తిరిగి తెచ్చుకోవడం సాధ్యం కాదు.

11:35

మూడుసార్లు చదివాను. బొమ్మ కూడా ఉంది, ఆ మీటకు. దాని మీద నేను రాసిన మాటలు. డిస్కును శుభ్రం చేయి.

ఇల్లు కాదు. అమ్మ నిన్న అడిగింది ఇంటి గురించి కాదు.

మధ్యాహ్నం 12:10

ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు. ఎలా ఎత్తుతుంది? నేనే కదా పీకేయమన్నాను. గింకా పిన్ని నంబరు నా దగ్గర లేదు. టెలిఫోన్ ఎంక్వయిరీ వాళ్ళిచ్చిన నంబరుకు చేస్తే ఎవరూ తీయలేదు, పండక్కి కొడుకు దగ్గరికి వెళ్ళి ఉంటుంది. లాయరు మొబైలు ఆపేసి ఉంది. మ్లాదెన్‌కు సిగ్నలుండదు. అందరి నోళ్ళూ నేనే మూయించాను, నా చేతులతో నేనే.

2:30

బస్టాండు నుంచి వస్తున్నాను. విదిన్ బస్సుల్లో ఇవాళ ఒక్క సీటూ లేదు. నిలబడతానన్నాను. డ్రైవరును బతిమాలాను, మా తమ్ముడు కూడా డ్రైవరేనన్నాను. పేరడిగాడు. చెప్పాను. మొహం తిప్పేసుకున్నాడు. సాయంత్రం రైలు లేదు, పట్టాలు బాగుచేస్తున్నారట. రేపు పొద్దున ఆరున్నరకు మొదటిది. మధ్యాహ్నం పన్నెండింటికి చేరుతుంది.

ఇవాళ ఏమీ కాదు. ఇవాళ అమ్మ చీపురు కూడా ముట్టుకోదు, సూదిలో దారం కూడా ఎక్కించదు. చర్చికి వెళ్ళి వరుసలో నిలబడి, క్రీస్తు సమాధికి గుర్తుగా పెట్టే ఆ పూల బల్ల కిందుగా దూరుతుంది, మ్లాదెన్ పేరు చెప్పుకుంటుంది. ఇవాళ భయం లేదు. రేపు. రేపు లేవగానే ముందు కొజునాక్ రొట్టెకు పిండి కలుపుతుంది, అది పొంగడానికి మూడు గంటలు, తర్వాత మళ్ళీ పిసకాలి, జడలా అల్లాలి, కాల్చాలి. పండగ రొట్టె పొయ్యిలో ఉంటే ఇంకో పని పెట్టుకోదు. పన్నెండింటిలోపు కంప్యూటరు జోలికి పోదు. పోదు. నాకు అమ్మ తెలుసు.

ఏప్రిల్ 7, శనివారం. ఉదయం 7:10, రైల్లో

ఇంకా పిండి కలుపుతూ ఉంటుంది.

8:40

పిండి పొంగుతూ ఉంటుంది. ఎదురుగా కూర్చున్నావిడ ఒళ్ళో గుడ్ల బుట్ట. ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అమ్మా అని అడిగింది. నా మొహం అలా ఉందన్నమాట. మా అమ్మ ఇల్లు శుభ్రం చేసుకుంటోంది, సాయానికి వెళ్తున్నాను అన్నాను. మంచి కూతురివి అంది.

10:15

మెజ్‌ద్రాలో నలభై నిమిషాలు ఆపేశారు. ఎందుకో ఎవరూ చెప్పరు. దిగి నెట్టాలనిపించింది.

సాయంత్రం 5:00. విదిన్

రాయాలి. ఒక్కటీ వదలకుండా రాయాలి.

లిఫ్టు పనిచేయడం లేదు. నాలుగు అంతస్తులు పరిగెత్తాను. మెట్ల మీదే పండగ రొట్టె వాసన, పాలు, నిమ్మతొక్క. ఆ వాసనకు ప్రాణం లేచొచ్చింది, ఇంకా కాలుస్తూనే ఉంది కదా అనుకున్నాను. బెల్లు కొట్టాను. తీయలేదు. నేనే అమ్మా అని అరిచాను. నువ్వే అయితే మీ నాన్న చెయ్యి ఏ పక్క వంకరో చెప్పు అంది లోపలి నుంచి. ఎడమ పక్క, తలుపు తియ్యవే తల్లీ అని ఏడ్చాను. తీసింది. మోచేతుల దాకా పిండి. ఏమిటే ఆ అవతారం, దెయ్యాన్ని చూసినట్టు అంది.

నేను కంప్యూటరు దగ్గరికి పరిగెత్తాను. తెర వెలుగుతోంది. దాని మీద నా వాక్యం. శుభ్రం పూర్తయింది.

అమ్మ వెనకే వచ్చింది. సంతోషంగా చెప్పింది. మురికి ఇంట్లో పిండి కలపకూడదు కదా, అందుకని తెల్లారకుండానే లేచి ముందు ఇదే పెట్టానంది. రెండు మీటలున్నాయి, పైపైన అని ఒకటి, పూర్తిగా అని ఒకటి. పైపైన ఎవరికి కావాలే, నా జన్మలో ఎప్పుడైనా పైపైన చేశానా అంది. లోపలున్నదంతా శుభ్రమవుతుంది అని మళ్ళీ అడిగిందట మిషను. అంతకంటే కావలసిందేముంది, ఔనని నొక్కాను, యాభై ఎనిమిది నిమిషాలు పట్టింది, ఎంత మురికుంటే అంతసేపు పడుతుంది అంది.

నేను సోఫియా స్టేషన్లో నిలబడి ఉన్నాను అప్పుడు. పాలపొడి కాఫీ తాగుతున్నాను.

డిస్కు తీసి చూశాను. మెరిసిపోతోంది. మళ్ళీ పెట్టాను. డిస్కు ఖాళీగా ఉంది అని చూపించింది. అదీ నా మాటే. ఇంకా ఆడటం లేదే, నువ్వు నొక్కితే ఆడుతుందేమో చూడు అంది అమ్మ.

చెప్పలేకపోయాను. డిస్కు పాతదమ్మా, చెడిపోయింది అన్నాను. నేను శుభ్రం చేసినందుకా అని అడిగింది. కాదు కాదు, ముందే చెడిపోయింది, అందుకే గళ్ళు పడ్డాయి అన్నాను. అమ్మ చేతులు తుడుచుకోకుండా అలాగే నిలబడి కాసేపు నా మొహం చూసింది. తర్వాత, రొట్టె మాడుతుంది అంటూ లోపలికి వెళ్ళింది.

ఏప్రిల్ 8, ఈస్టర్

గుడ్డుతో గుడ్డు కొట్టాం. అమ్మదే పగలకుండా గెలిచింది.

ఏప్రిల్ 9, సోమవారం

మ్లాదెన్ చుప్రెనె నుంచి వచ్చాడు. రాగానే అమ్మ మీద ఎగిరాడు. పోస్టాఫీసు ఫోన్ నుంచి వారం రోజులు చేశాను, హలో హలో అని పెట్టేస్తావేమిటి, నీ మాట నాకు గంటలా వినిపిస్తోంది, నేను గొంతు చించుకుంటుంటే నీకు వినపడదా అన్నాడు. అంటే ఆ మూగ ఫోన్లు వీడివే! ఏమని అరిచావురా అని అడిగితే, నేను బాగానే ఉన్నాను, భయపడకండి అని అరిచానన్నాడు.

ఏటి ఒడ్డుకు తీసుకెళ్ళి జరిగింది చెప్పాను. డాన్యూబ్ నిండుగా ఉంది. మొత్తం చెప్పాను. నా మాట, అమ్మ మీట, అన్నీ. మ్లాదెన్ నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. తర్వాత రాతి మెట్టు మీద కూర్చుండిపోయాడు. నన్ను తిట్టరా అన్నాను. నిన్ను తిడితే లారీ వస్తుందా అక్కా అన్నాడు. ఇంకొక్కటే అన్నాడు. అమ్మకు చెప్పొద్దు, తను చేసిందని తెలిస్తే బతకదు.

చెప్పనని ఒట్టేశాను.

ఏప్రిల్ 10, మంగళవారం

కంప్యూటర్ల షాపులో చూపించాను. పైపైన చేసి ఉంటే ఏదో ఒకటి చేసి తీసేవాళ్ళమండీ అన్నాడు షాపతను. పూర్తిగా చేశారు అన్నాడు.

ఏప్రిల్ 24, మంగళవారం

కోర్టు. రూసినోవ్ లేచి, రికార్డింగు ఉండేది అన్నాడు. ఉండేది అంటే ఏమిటి, ఉందా లేదా అన్నాడు అవతలి లాయరు. ఇల్కోను పిలిచారు. నేనేమీ ఎక్కించలేదు, నాకేమీ తెలియదు అన్నాడు, మ్లాదెన్ వైపు చూడకుండా. ఉద్యోగం పోతుందని వాడి భయం వాడిది. నేను వాణ్ణి తిట్టుకోలేకపోయాను. నేనూ ఆ భయంతోనే కదా కమేలియాను ఇంకో ప్రశ్న అడగలేదు.

బూడిద రంగు కారు ఎవరిదో ఇప్పటికీ తెలియదు. పండగ తర్వాత మళ్ళీ రాలేదట.

మే 17, గురువారం

కమేలియా కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆ ఒక్క మాట మార్చు, శుభ్రం తీసేసి చెరిపివేయి అని పెట్టు, తిరిగి రాదు అని రాయి అన్నాను. మాటలకు తాళం వేసేశాం, తర్వాతి వెర్షన్‌లో చూద్దాం అంది. ఇవాళ మూల మీది కియోస్కులో చూశాను, కంప్యూటరు పత్రిక, దాని అట్టకు అతికించిన డిస్కు, అందులో మా ప్రోగ్రాం ఉచితం. పదకొండు పత్రికలున్నాయి. పదకొండూ కొనేసి ఇంటికి తెచ్చాను. ఎదురు వీధిలో ఇంకో కియోస్కు ఉంది.

జూన్ 12, మంగళవారం

నాలుగేళ్ళు.

తీర్పుకు ముందు, ఇంకెవరైనా ఏమైనా చెప్పాలా అన్నట్టు జడ్జి తల ఎత్తాడు. అమ్మ లేచి నిలబడింది. ఎవరూ పిలవలేదు. చేతి సంచీ గుండెకు హత్తుకుని మొదలుపెట్టింది. తొమ్మిదో నిమిషం పద్దెనిమిదో సెకను, తెల్ల లారీ. పందొమ్మిదో సెకను, ఎడమ చక్రం గీత మీద. ఇరవయ్యో సెకను, టార్పాలిన్ కొస ఎగిరింది, తాడు ఒకటి ఊడి ఉంది. నంబరు చివర రెండు ఏడులు, ముందుది మూడో ఎనిమిదో, నాకు గళ్ళు అడ్డమొచ్చాయి అయ్యా అంది. జడ్జి మంచివాడే. మెల్లగా అడిగాడు, ఆ డిస్కు ఇప్పుడెక్కడుందమ్మా అని.

అమ్మ వెనక్కి తిరిగింది. మ్లాదెన్ వైపు కాదు. నా వైపు చూసింది. మళ్ళీ జడ్జి వైపు తిరిగి చెప్పింది. డిస్కు పాతదయ్యా, ముందే చెడిపోయింది.

నా అబద్ధమే. ఒక్క అక్షరం తేడా లేదు.

ఆగస్టు 3, శుక్రవారం

అమ్మ ఫోన్ చేసింది. నీ ప్రోగ్రాంలో వెనక్కి అని ఒక మీట పెట్టావు కదా, అది ఎంతసేపు నొక్కి పట్టుకోవాలే అని అడిగింది. రోజూ పొద్దున యాభై ఎనిమిది నిమిషాలు నొక్కుతోందట. ఇంకా రావడం లేదట.

జైల్లో ఉన్నవాడికి చెప్పకు, నా వల్లేనని తెలిస్తే వాడు బతకడు అంది.